బాస్ గిటార్: మీటే చేతికి తొలి పాఠాలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే మనలో చాలామంది కవితో, చదువు గొప్పతనం మీద వ్యాసమో రాస్తారు. అవి కావలసినవే. కానీ సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు నన్ను అడిగే ప్రశ్న వేరు. "అన్నా, ఆ నాలుగు తీగల గిటార్ ఎట్ల వాయిస్తారు? మాకూ వస్తుందా?" క్రిస్మస్‌కు చర్చిలోనో, తిరునాళ్ల ఆర్కెస్ట్రాలోనో చూసి అడుగుతారు. నిలబడి రెండు మాటల్లో చెప్పే విషయం కాదు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ని నేను. ఇప్పుడు పీజీ చదువుతున్నాను. బాస్ గిటార్ పట్టుకున్నది పీజీలో చేరిన తర్వాతే. నేను విద్వాంసుణ్ని కాను. కానీ కొత్తగా మొదలుపెట్టేవాడికి ఏ అనుమానాలు వస్తాయో, వేళ్లు ఎక్కడ తడబడతాయో ఇంకా బాగా గుర్తున్నవాణ్ని. ముఖ్యంగా కుడిచేతితో తీగ మీటడం గురించి చెబుతాను. ఎడమచేతి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బాస్ గిటార్ అంటే ఏమిటి?

మామూలు గిటార్‌కు ఆరు తీగలు, బాస్ గిటార్‌కు సాధారణంగా నాలుగు. తీగలు లావుగా ఉంటాయి, మెడ పొడవుగా ఉంటుంది. బ్రిడ్జి నుంచి మెడ చివరి వరకు తీగ పొడవు దాదాపు 86 సెంటీమీటర్లు. మామూలు గిటార్‌లో అది 65 దగ్గర ఉంటుంది. తీగ పొడవూ లావూ పెరిగితే కంపనం నెమ్మదిస్తుంది, శబ్దం కిందికి దిగుతుంది.

నాలుగు తీగలకూ ఇ, ఏ, డి, జి అని పేర్లు. గిటార్ పట్టుకున్నప్పుడు మన ముఖానికి దగ్గరగా, పైన ఉండే లావు తీగ ఇ. అన్నిటికన్నా కింద ఉండే సన్న తీగ జి. ఇ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఏ తీగ 55 సార్లు, డి తీగ 73 సార్లు, జి తీగ 98 సార్లు.

ఇవి ఫిజిక్సు పుస్తకంలో అంకెల్లాగే మిగిలిపోకుండా మనకు తెలిసిన శబ్దంతో పోల్చుకుందాం. శ్రీశైలం డ్యామ్ పక్కన పెరిగిన మనకు కరెంటు సంగతి కొత్త కాదు. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది. దానివల్ల ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుము సెకనుకు 100 సార్లు కంపించి జుమ్మని మోగుతుంది. జి తీగ 98. అంటే ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడితే వినిపించే ఆ జుంకారమే ఇంచుమించు బాస్ గిటార్ జి తీగ స్వరం. మిగతా మూడు తీగలూ దానికంటే కిందివి.

అందుకే చిన్న ఫోన్ స్పీకర్‌లో పాట పెడితే బాస్ సరిగా వినబడదు. అంత చిన్న స్పీకర్ అంత కింది శబ్దాన్ని పలికించలేదు. చాలామంది "బాస్ ఉన్నా లేకున్నా ఒకటే" అనుకోవడానికి అదే కారణం. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని 1989లో వచ్చిన 'గీతాంజలి', 'శివ' సినిమాల పాటలు వినండి. రెండింటికీ సంగీతం ఇళయరాజా. గాయకుడి గొంతు కాసేపు పక్కన పెట్టి, అడుగున నడిచే లావు శబ్దం వెంటే వెళ్లండి. పాట కింద ఇంకో పాట నడుస్తున్నట్టు ఉంటుంది. ఏ.ఆర్.రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ అనే బాస్ కళాకారుడి పనితనాన్నీ ఇలాగే విని గమనించవచ్చు.

విద్యుత్ బాస్ గిటార్‌ను 1930లలోనే అమెరికాలో పాల్ టుట్‌మార్క్ అనే ఆయన తయారుచేశాడు. బాగా ప్రచారంలోకి వచ్చింది మాత్రం 1951లో లియో ఫెండర్ చేసిన 'ప్రెసిషన్ బాస్'తో. అంతకుముందు ఆ పని మనిషంత ఎత్తుండే, నిలబెట్టి వాయించే పెద్ద వాయిద్యం చేసేది. ఇంకో విశేషం ఏమిటంటే, లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. ఆయన రేడియోలు రిపేరు చేసే మనిషి.

మొదట కుడిచేయి ఎందుకు?

ఎడమచేయి ఏ స్వరమో నిర్ణయిస్తుంది. ఆ స్వరం ఎప్పుడు మొదలవ్వాలి, ఎంత గట్టిగా ఉండాలి అన్నది కుడిచేతి పని. పాటలో బాస్ అసలు బాధ్యత కాలం తప్పకుండా చూడడం. డ్రమ్స్‌తో కలిసి మిగతా అందరికీ నేల పరిచేది అదే. ఎడమచేయి ఒక స్వరం తప్పితే వినేవాళ్లలో ఎంతోమందికి తెలియను కూడా తెలియదు. కుడిచేయి కాలం తప్పితే పాడేవాళ్లంతా తడబడతారు.

మీటే వాయిద్యాలు మనకు కొత్తవి కావు. బుర్రకథ కథకుడి భుజం మీద తంబూర చూశాం. శ్రీశైలానికి ఎదురుగా కృష్ణ అవతలి ఒడ్డున నల్లమల ఉన్న నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యకు 12 మెట్ల కిన్నెర వాయించినందుకు 2022లో పద్మశ్రీ వచ్చింది. వెదురు కర్ర, బుర్రలు, తీగలు, మెట్లు కలిస్తే కిన్నెర. బాస్ గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలను ఇంగ్లీషులో ఫ్రెట్లు అంటారు. కిన్నెరవాళ్ల భాషలో అవి మెట్లు. ఆ మాటే మనకు బాగుంటుంది.

పట్టుకునే తీరు

మొదటి నెల కూర్చునే వాయించండి. వీపు నిటారుగా, గిటార్ నడుము కుడి తొడ మీద ఉండాలి. కూర్చున్నా సరే భుజానికి పట్టీ వేసుకోండి. అప్పుడు ఎడమచేయి మెడ బరువును మోయాల్సిన పని ఉండదు. కుడి ముంజేయి గిటార్ పై అంచు మీద తేలికగా ఆనాలి. మణికట్టు బాగా వంగకూడదు. మణికట్టును మడిచి గంటసేపు వాయిస్తే నొప్పి ఖాయం.

తీగల కింద నల్లటి పెట్టెలాంటి భాగం కనిపిస్తుంది. దాన్ని పికప్ అంటారు. అందులో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. తీగ కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చేది అదే. కుడిచేతి బొటనవేలిని పికప్ అంచు మీద ఆనించండి. అది చేతికి ఊతం. గట్టిగా నొక్కొద్దు. మోటారుసైకిల్ వెనక కూర్చున్నవాడు కడ్డీ పట్టుకున్నంత చాలు.

రెండు వేళ్ల నడక

ఇప్పుడు అసలు పాఠం. చూపుడువేలు, మధ్యవేలు. ఒకదాని తర్వాత ఒకటి, ఎప్పుడూ మార్చి మార్చి మీటాలి.

1. ముందు చూపుడువేలి కొసను ఏ తీగ మీద పెట్టండి. గోరు తగలకూడదు, కొస కండ మాత్రమే తగలాలి. అందుకే కుడిచేతి గోళ్లు కత్తిరించుకోవాలి.

2. వేలిని బయటికి లాగొద్దు, తీగను కొక్కెంలా పైకి ఎత్తొద్దు. తీగకు అడ్డంగా, మీ ముఖం వైపుకు తోయండి. తీగ జారి మోగుతుంది. వేలు వెళ్లి పై తీగ మీద, అంటే ఇ తీగ మీద ఆగుతుంది. ఇలా ఆగడం చాలా ముఖ్యం. వేలు ఎంత దూరం వెళ్లాలో ప్రతిసారీ మనం చూసుకోనక్కర్లేదు, పై తీగే ఆపుతుంది. దెబ్బ దెబ్బకూ శబ్దం ఒకేలా వస్తుంది. ఇ తీగనే మీటినప్పుడు వేలు వచ్చి బొటనవేలికి ఆనుతుంది.

3. తర్వాత మధ్యవేలితో అదే పని. మళ్లీ చూపుడువేలు. మళ్లీ మధ్యవేలు.

ఒక్క వేలితో చాలదా అని అడుగుతారు. నెమ్మది పాటకు చాలు. ఉగాదికి కర్ణాటక నుంచి కాలినడకన మన శ్రీశైలం వచ్చే భక్తులను చూశారు కదా. వాళ్లు వందల కిలోమీటర్లు నడిచేది ఒక కాలు నేల మీద ఉండగా ఇంకో కాలికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది కాబట్టే. వేళ్లదీ అంతే. ఒకటి మీటుతుంటే రెండోది సిద్ధమవుతుంది. జాజ్ సంగీతంలో ఒక్కో లెక్కకు ఒక్కో స్వరంగా సాగే బాస్ పద్ధతిని నడక బాస్ అనే అంటారు.

మధ్యవేలు పొడవు, చూపుడువేలు పొట్టి. బలంలోనూ తేడా ఉంది. కాబట్టి మొదట్లో శబ్దం ఎగుడుదిగుడుగా వస్తుంది. ఇక్కడే మనవాళ్లకు ఒక సాయం ఉంది. మన సీమలో పలక అనీ తప్పెట అనీ పిలిచే డప్పు తెలిసిన తమ్ముళ్లు ఒకసారి ఆలోచించండి. అక్కడా ఒక చేతిలో లావు పుల్ల, ఒక చేతిలో సన్న పుల్ల. రెండూ వేరు శబ్దాలు చేస్తాయి కానీ కాలం మాత్రం ఒకటే. సమానం కాని రెండింటితో సమానమైన నడక తెప్పించడం మన పెద్దలకు పాత విద్య. బాస్‌లో ఇంకో అడుగు ముందుకెళ్లి శబ్దాన్ని కూడా సమానం చేయాలి. అంతే తేడా.

ఎక్కడ మీటాలి?

బట్టలు ఆరేసే తాడును మధ్యలో లాగి చూడండి, సులువుగా కదులుతుంది. గుంజ దగ్గర లాగితే బిగుసుకుని ఉంటుంది. తీగ కూడా అంతే. మెడకు దగ్గరగా మీటితే తీగ వదులుగా తగిలి శబ్దం మెత్తగా, గుండ్రంగా వస్తుంది. బ్రిడ్జికి దగ్గరగా మీటితే బిగువుగా, స్పష్టంగా, కొంచెం గరుకుగా వస్తుంది. 1970లలో జాకో పాస్టోరియస్ అనే అమెరికా కళాకారుడు బ్రిడ్జి దగ్గర మీటి బాస్‌ను ముందువరస వాయిద్యంగా నిలబెట్టాడు. మొదలుపెట్టేవాళ్లు పికప్ దగ్గరే, ఒకే చోట మీటడం మంచిది. చోటు మారితే శబ్దం మారుతుంది, లోపం వేలిదో చోటుదో తెలియదు.

గట్టిగా గుంజొద్దు. పెద్ద శబ్దం ఇచ్చే పని ఆంప్లిఫయర్‌ది. గట్టిగా మీటితే తీగ మెట్లకు తగిలి టకటకమంటుంది, వేలు త్వరగా అలిసిపోతుంది.

తీగ మారడం, తీగ ఆపడం

సన్న తీగ నుంచి లావు తీగకు వచ్చేటప్పుడు ఒక సులువు ఉంది. జి తీగ మీటిన వేలు డి తీగ మీద ఆగింది కదా. తర్వాతి స్వరం డి మీదే అయితే ఆ వేలితోనే మీటేయండి. వేలు అప్పటికే అక్కడ ఉంది. లావు తీగ నుంచి సన్న తీగకు దిగేటప్పుడు మాత్రం మామూలుగా వేలు మార్చాలి.

ఇంక శబ్దం ఆపడం. కొత్తవాళ్లు మోగించడం నేర్చుకుంటారు కానీ ఆపడం నేర్చుకోరు. లావు తీగలు పక్క తీగ మీటినా వాటంతట అవి కంపిస్తూ ఉంటాయి. చర్చి హాలులోనో, మైకు సెట్టులోనో అదంతా కలిసి బుర్రుమని మోగి పాట మాటలు మింగేస్తుంది. కాబట్టి డి, జి తీగలు మీటేటప్పుడు బొటనవేలిని పికప్ మీద నుంచి తీసి ఇ తీగ మీద ఆనించండి. అవసరమైతే ఏ తీగకూ తగిలేలా వాల్చండి. ఎడమచేతి వేళ్లు వాడని తీగల మీద తేలికగా ఆనాలి. నొక్కకూడదు. రెండు స్వరాల మధ్య నిశ్శబ్దం శుభ్రంగా ఉంటేనే వాయించినవాడికి పని వచ్చినట్టు.

వేళ్లా, ప్లెక్ట్రమా?

ప్లాస్టిక్ ముక్కతో మీటడం కూడా పద్ధతే. దాన్ని పిక్ అనీ ప్లెక్ట్రమ్ అనీ అంటారు. బొటనవేలికీ చూపుడువేలి పక్క భాగానికీ మధ్య పట్టుకుని కొస మాత్రం బయటికి ఉంచాలి. కిందికొకటి, పైకొకటి మార్చి మార్చి కొట్టాలి. కదలిక మణికట్టు నుంచి రావాలి, మోచేతి నుంచి కాదు. బాస్‌కు కాస్త మందంగా ఉన్న పిక్ మేలు. పలచటిది లావు తీగ మీద వంగిపోతుంది.

"పిక్ వాడితే అసలైన బాస్ కాదు" అనేవాళ్లు కనిపిస్తారు. కరోల్ కే అనే మహిళ లాస్‌ఏంజెలెస్ స్టూడియోల్లో గిటార్ వాయించేది. 1963లో ఒక రికార్డింగుకు బాస్ కళాకారుడు రాకపోతే ఆ పని ఆమె చేసింది. అక్కడి నుంచి వేలాది రికార్డింగులకు పిక్‌తోనే బాస్ వాయించింది. ఇటు డెట్రాయిట్ నగరంలో జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడువేలితోనే మీటేవాడు. ఆ వేలిని తోటివాళ్లు 'కొక్కెం' అని పిలిచేవారు. పద్ధతులు మూడూ నిలిచినవే. కానీ మొదలుపెట్టేవాళ్లు ఆరు నెలలు ఒకే పద్ధతి పట్టుకోండి. రెండు వేళ్లతో మొదలుపెడితే తర్వాత ఏ దారికైనా పోవచ్చు.

నాలుగు వారాల సాధన

రోజుకు 15 నిమిషాలు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు మానేయడం కంటే అదే మేలు. ఫోన్‌లో మెట్రోనోమ్ ఉచితంగా దొరుకుతుంది. నిమిషానికి 60 దెబ్బలు పెట్టుకోండి.

మొదటి వారం: దెబ్బకు ఒక్క మీటు. ఒక్కో తీగ మీద మూడు నిమిషాలు. ఎడమచేయి వాడొద్దు. వేలు పై తీగ మీద ఆగుతోందా, రెండు వేళ్ల శబ్దం ఒకేలా ఉందా? ఇవి రెండే చూడండి.

రెండో వారం: దెబ్బకు రెండు మీట్లు. తర్వాత నోటితో "తకధిమి" అంటూ దెబ్బకు నాలుగు. అంటే సెకనుకు నాలుగు మీట్లు. మామూలు పాటలకు ఈ వేగం సరిపోతుంది.

మూడో వారం: "తకిట" అంటూ దెబ్బకు మూడు. ఇది చిన్న అభ్యాసంలా కనిపిస్తుంది కానీ గొప్ప పరీక్ష. తకధిమిలో మొదటి అక్షరం ఎప్పుడూ చూపుడువేలికే పడుతుంది. తకిటలో ఒకసారి చూపుడువేలికి, మరుసటిసారి మధ్యవేలికి పడుతుంది. ఏ వేలు బలహీనమో వెంటనే బయటపడుతుంది.

నాలుగో వారం: తీగలు మారడం. ఇ మీద నాలుగు, ఏ మీద నాలుగు, డి మీద నాలుగు, జి మీద నాలుగు, మళ్లీ వెనక్కి. ఆ తర్వాత తెలిసిన పాట ఒకటి తీసుకుని, తీగ శ్రుతుల్లో మొదటి స్వరం మాత్రమే పట్టుకుని పాటంతా నడపండి.

వేగం పెంచాలంటే ఒకేసారి ఎగరొద్దు. 60లో ఐదు నిమిషాలు తడబడకుండా వస్తే 64కు వెళ్లండి. వారానికోసారి ఫోన్‌లో రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లతో వినండి. వాయిస్తున్నప్పుడు వినబడని తప్పులు అప్పుడు వినబడతాయి.

గిటార్ లేకపోతే?

ఇది మనకు అసలు ప్రశ్న. బాస్ గిటార్, ఆంప్లిఫయర్ రెండూ కొనడం మన ఇళ్లలో తేలిక కాదు. కానీ ఒక దారి ఉంది. మామూలు ఆరు తీగల గిటార్‌లో పైనుంచి నాలుగు తీగల పేర్లు కూడా ఇ, ఏ, డి, జియే. స్వరాలు అవే, ఒక స్థాయి పైన ఉంటాయి. కాబట్టి ఎవరిదగ్గరైనా పాత గిటార్ ఉంటే ఆ నాలుగు తీగల మీద ఈ పాఠాలన్నీ చేసుకోవచ్చు. తీగలు సన్నగా, దగ్గరగా ఉంటాయి కాబట్టి బాస్‌కు మారాక వేళ్లకు కొన్ని రోజులు కొత్తగా ఉంటుంది. కాలం, వేళ్ల మార్పు మాత్రం అలాగే పనికొస్తాయి.

బాస్ దొరికి ఆంప్లిఫయర్ లేకపోతే గిటార్ తల భాగాన్ని చెక్క బీరువాకో, తలుపుకో ఆనించి మీటండి. చెక్క కూడా కంపించి శబ్దం పెద్దదవుతుంది. స్టడీ అవర్‌లో మాత్రం వద్దు. వార్డెన్ సారుకు కోపం వస్తే ఆ బాధ్యత నాది కాదు.

మన చేతుల సంగతి

మొదటి రెండు వారాలు వేలికొసలు మండుతాయి. బొబ్బ వస్తే చిదమకండి, మానేదాకా ఆగండి. మెల్లగా చర్మం గట్టిపడుతుంది. అది మంచిదే. మణికట్టులో, ముంజేతిలో నొప్పి వస్తే మాత్రం అది వేరే సంగతి. వెంటనే ఆపి, పట్టుకునే తీరు సరిచూసుకోండి.

చేతుల గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. "గడ్డపార పట్టిన చేతులు, శెనక్కాయ చెట్లు పీకిన చేతులు మొద్దుబారి ఉంటాయి, సంగీతం సున్నితమైన చేతులకే" అనే మాట మనలో చాలామంది విన్నాం. కొందరు నమ్మి వాయిద్యం ముట్టుకోవడమే మానేశారు. విషయం తెలిసినవాళ్లు ఆ మాట అనరు. బాస్ తీగ అడిగేదే గట్టిపడిన వేలికొస. సున్నితమైన చేతులవాళ్లు నెలలపాటు సాధన చేసి తెచ్చుకునేదాంట్లో కొంత మనకు పని దగ్గరే వచ్చింది. మిగిలింది కాలం తప్పకపోవడం. అది ఏ కులానికీ ఏ ఇంటికీ పుట్టుకతో రాదు, సాధనతో అందరికీ వస్తుంది.

పైన చెప్పిన జేమ్స్ జేమర్సన్ నల్లజాతివాడు, 1936లో పుట్టాడు. మోటౌన్ కంపెనీ విడుదల చేసిన ఎన్నో పాటలకు బాస్ ఆయనదే. ఆ రోజుల్లో ఆ రికార్డుల మీద వాయిద్యకారుల పేర్లు వేసేవారు కాదు. ప్రపంచమంతా ఆ పాటలకు ఆడింది, ఆయన పేరు తెలియలేదు. 1971లో వచ్చిన మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' మీద పేరు పడింది. 1983లో ఆయన చనిపోయాడు. 2000లో రాక్ సంగీత గౌరవమందిరంలో ఆయనకు చోటిచ్చారు. ఇప్పుడు ప్రపంచంలో బాస్ నేర్చుకునే ప్రతివాడూ ఆయన వాయించిన స్వరాలు వెతుక్కుని మరీ నేర్చుకుంటున్నాడు. అందరికీ నేల పరిచినవాడి పేరు కూడా అందరికీ తెలియాలి కదా.

పూర్వ విద్యార్థులైన అన్నలకు చివరగా ఒక మనవి. మీరు హాస్టల్‌కు క్యారమ్ బోర్డులు, వాలీబాల్ నెట్లు, డిక్షనరీలు ఇచ్చారు. ఈసారి నలుగురైదుగురు కలిసి ఒక పాత గిటార్ ఇప్పించండి. ఆరు తీగలదైనా సరే, పైన చెప్పినట్టు నాలుగు తీగలు చాలు. సంక్రాంతి, దసరా సెలవులకు నేను వచ్చినప్పుడు కూర్చుని నేర్పిస్తాను. నేర్చుకున్నవాడు తర్వాతి తమ్ముడికి నేర్పాలి, అదే ఫీజు. తమ్ముళ్లు అప్పటిదాకా ఖాళీగా ఉండక్కర్లేదు. ట్రంకు పెట్టె అంచు మీద చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి "తకిట తకిట" మొదలుపెట్టండి.